ఇంకొక్క శాంపిల్

మనవాడు మొట్టమొదటిసారి ల్యాబ్ కిటికీ ముందు నిలబడినప్పుడు అతని చేతిలో ఒక కూల్‌డ్రింక్ బాటిల్ ఉంది. అందులో ఉన్నది కూల్‌డ్రింక్ కాదు. కొత్త స్టీమ్ పైపులోంచి అప్పుడే పట్టుకొచ్చిన సిట్రిక్ యాసిడ్. ఆ వేడికి పాపం బాటిల్ నడుము దగ్గర సొట్టపోయి, మూతి వంకర పెట్టుకుని ఉంది.

కిటికీ అవతల తెల్లకోటు వేసుకున్న అమ్మాయి బాటిల్ వంక చూసింది. తర్వాత మనవాడి వంక చూసింది. రెంటిలో ఏది ఎక్కువ నచ్చలేదో తేల్చుకోలేనట్టు మళ్ళీ బాటిల్ వంక చూసింది.

“ఏంటిది?”

“శాంపిలండీ.”

“ఏ లూపుది?”

“ఇవాళ నడుస్తోంది కదండీ, ఆ లూపుది.”

“ఏ వాల్వ్ దగ్గర తీశారు? ఎన్నింటికి తీశారు? లేబులేది?”

మనవాడు బాటిల్ తిప్పి చూశాడు. లేబుల్ ఉంది. దాని మీద నిమ్మకాయ బొమ్మ ఉంది.

“లెమన్ అని రాసుందండీ,” అన్నాడు. “ఒకరకంగా కరెక్టే. సిట్రిక్ యాసిడే కదా.”

ఆ అమ్మాయి నవ్వలేదు. ఒక గుడ్డతో బాటిల్ అందుకుని, మూత తీసి, మొత్తం సింకులో వంపేసింది. ఖాళీ బాటిల్ మళ్ళీ అతని చేతికిచ్చింది.

“రిపీట్,” అంది. కిటికీ మూసేసింది.

ఆ ల్యాబ్ ప్లాంటుకి ఒక చివర, రెండో అంతస్తులో ఉంది. పంపూ ట్యాంకూ ఇంకో చివర ఉన్నాయి. ఈ రెంటి మధ్య నడవడానికి దేవుడు మనవాణ్ణి పుట్టించాడు. రిటర్న్ లైన్ దగ్గరికి వెళ్ళి, వాల్వ్ తిప్పి, కాసేపు పారనిచ్చి, గాజు సీసాలో పట్టి, లేబుల్ రాసి, ఆయాసపడుతూ మళ్ళీ పైకెక్కాడు. కిటికీ తెరుచుకుంది. లేబుల్ మీద లూపు నంబరు రాయడం మరిచిపోయాడు. కిటికీ మూసుకుంది.

ఆ సాయంత్రానికే పనివాళ్ళు ఆమెకి పేరు పెట్టేశారు. రిపీట్ మేడమ్.

మనవాడు చదివింది కెమికల్ ఇంజనీరింగ్. చేసేది పైపులు కడగడం. వాళ్ళమ్మ ఎవరడిగినా “మావాడు కెమికల్ సైడు” అని చెప్పి మాట మార్చేస్తుంది. అతన్ని ఈ పనిలోకి లాగింది మేనమామ. ఆయనకి ఒక చిన్న కంపెనీ, ఒక పెద్ద పంపు, ఒక ట్యాంకు, లారీ నిండా హోసు పైపులు, వాటన్నిటికీ వినబడేంత గొంతు ఉన్నాయి. మేనల్లుణ్ణి పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. “ఒరేయ్ గొట్టం!” అంటాడు. పనివాళ్ళు మర్యాదగా “గొట్టం సార్” అంటారు.

“కొత్త పైపంటే లోపల అద్దంలా మెరిసిపోతుందనుకుంటారు జనం,” అని మామయ్య ఏ సైటుకెళ్ళినా మొదలుపెడతాడు. “లోపల చూస్తే తెలుస్తుంది. తుప్పు, గ్రీజు, వెల్డింగ్ చెత్త. ఒకసారైతే ఎవడిదో దువ్వెన కూడా దొరికింది. వీటితో సహా స్టీమ్ వదిలామంటే అవతల టర్బైన్ రెక్కలు జల్లెడైపోతాయి. మిగిలిన తుప్పు అక్కడే కాపురం పెట్టి పైపుని తినేస్తుంది.”

అందుకని పైపుని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ హోసులు తగిలించి, ట్యాంకులోంచి పైపులోకి, పైపులోంచి ట్యాంకులోకి గుండ్రంగా తిప్పుతారు. అదే లూపు. ముందు జిడ్డు వదిలే మందు, తర్వాత వేడి యాసిడ్. తుప్పుని తిను, ఇనుము జోలికి పోకు అని యాసిడ్‌కి బుద్ధి చెప్పే మందు ఇంకోటి అందులో కలుపుతారు. తుప్పు కరిగేకొద్దీ యాసిడ్‌లో ఇనుము పెరుగుతుంది. పెరిగి పెరిగి ఒకచోట ఆగిపోతుంది. వరసగా మూడు శాంపిళ్ళలో రీడింగ్ కదలకపోతే తుప్పు అయిపోయినట్టు. వెంటనే యాసిడ్ బయటికి వదిలేయాలి. తర్వాత లోపలంతా మళ్ళీ తుప్పు పట్టకుండా సన్నటి పొర పట్టించి, ఆరబెట్టి, రెండు చివరలూ బిగించేస్తారు.

ఆ రీడింగ్ ఆగిందో లేదో చెప్పేది ల్యాబ్. ల్యాబ్‌లో చెప్పేది ఆ అమ్మాయి. అదీ సంగతి. ఆమె “ఆపేయండి” అనేదాకా ఎంతటి మామయ్యయినా పంపు ఆపడానికి వీల్లేదు.

“ఎవర్రా ఆ పిల్ల?” అన్నాడు మామయ్య మొదటి లూపు అయిపోయాక. “అన్నిసార్లు వెనక్కి పంపింది?”

“పొగరు మామయ్యా.”

“పొగరు కాదురా, పద్ధతి. నీకు రెంటికీ తేడా తెలీదు, నీ దగ్గర రెండోది లేదు కాబట్టి.”

ఈ మాట మనవాడికి గట్టిగానే తగిలింది. మర్నాటి నుంచి లేబుళ్ళు రాయడం మొదలుపెట్టాడు. మామూలుగా కాదు. లూపు నంబరు, వాల్వ్ నంబరు, టైము, టెంపరేచరు, పంపు ప్రెషరు, ఆకాశం ఎలా ఉంది, గాలి ఎటు వీస్తోంది. సీసా కన్నా లేబుల్ పెద్దదైపోయి చుట్టూ రెండు చుట్లు తిరిగింది.

ఆమె ఆ చుట్లు విప్పి మొత్తం చదివింది.

“‘శాంపిల్ తెచ్చినవారి ఆరోగ్యం’ అని రాశారేంటి?”

“అన్నీ రాయమన్నారు కదండీ.”

“‘బాగోలేదు’ అని ఉంది.”

“మెట్లండీ.”

ఆమె పెదవి లోపలికి మడిచి పంటితో నొక్కిపెట్టింది. మనవాడు అది కోపమనుకున్నాడు. ఇలాంటివాళ్ళకి ఇంజనీరింగ్ డిగ్రీలు ఎలా ఇస్తారో తెలీదు. అది నవ్వు.

శాంపిల్ పరీక్ష చేయడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపూ మనవాడు కిటికీ దగ్గర నిలబడొచ్చని రూలు. ఆ రూలు ఎవరు పెట్టారో కానీ వాళ్ళు చల్లగా ఉండాలి. మూడో లూపు వచ్చేసరికి కిటికీ బయట ఒక స్టూలు వెలిసింది. ఎవరేశారని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

“మీరెప్పుడూ ఇదే పనా?” అంది ఆమె, బ్యూరెట్టులోంచి చుక్కలు లెక్కపెడుతూ.

“పైపులండీ. బాయిలర్లు కూడా కడుగుతాం.”

“మా అమ్మా అంతే. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. జనాల పళ్ళు కడుగుతుంది.”

“ఓహో. చిన్న డయామీటర్.”

చుక్క ఒకటి ఎక్కువ పడింది. “చూడండి, మీ వల్ల లెక్క తప్పింది!” అంటూ ఆమె ఫ్లాస్కు వంపేసి, మళ్ళీ మొదలుపెట్టింది. మొదటిసారి తనకి తను రిపీట్ చెప్పుకుంది. మనవాడికి మహా ఆనందమైంది.

ఒకరోజు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, ప్లాంటు రోడ్లన్నీ మోకాళ్ళ దాకా మునిగే వాన. లేబుల్ మీద ఇంకు చెదిరిపోకుండా సీసాని హెల్మెట్‌లో పెట్టుకుని, హెల్మెట్‌ని చొక్కా లోపల పెట్టుకుని, ఖాళీ నెత్తితో పరిగెత్తుకొచ్చాడు మనవాడు. కిటికీ ముందు నిలబడితే కింద మడుగు కట్టింది.

ఆమె సీసా చూసింది. లేబుల్ పొడిగా ఉంది.

“బుర్ర ఉందా మీకు?”

“తడిసిందండీ.”

ఆమె లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చి కిటికీలోంచి తోసింది. గుండ్రటి తెల్ల కాగితాలు. ఫిల్టర్ పేపర్లు.

“తల తుడుచుకోండి. త్వరగా. మా హెడ్‌గారు చూస్తే దొంగతనం కింద రాస్తారు.”

మనవాడు ఒక్కో ఫిల్టర్ పేపరూ తీసి నెత్తిన అద్దుకున్నాడు. ఒకటి జుట్టుకి అతుక్కుని ఉండిపోయింది. ఆమె చూసింది. చెప్పలేదు. అతను దాంతోనే మెట్లు దిగి, ప్లాంటంతా దాటి, మామయ్య ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

“నెత్తి మీద ఏంట్రా అది?”

మనవాడు తడుముకుని తీసి చూశాడు. పారేయలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అయిపోయాడు వీడు,” అన్నాడు మామయ్య పంపుతో.

ఆరో లూపు నాటికి ఆమె గురించి అతనికి చాలా తెలిసింది. కాంట్రాక్టు ఉద్యోగాలు చేసి చేసి విసిగిపోయాక ఈ ల్యాబ్‌లో ప్రొబేషన్ మీద చేరింది. నెలాఖరుకి అది అయిపోతుంది. హెడ్‌గారు మంచి రిపోర్టు రాస్తే పర్మనెంటు.

“పర్మనెంటయితే మా అమ్మని ఆదివారాలు క్లినిక్ మాన్పిస్తాను,” అంది. “ఆదివారం పూట కూడా ఎవరి నోట్లోనో తలపెట్టుకుని కూర్చుంటోంది. ఇంట్లో నాతో మాట్లాడేటప్పుడు కూడా ‘ఆ అను’ అంటోంది.”

“అయిపోతుంది లెండి. మీకు కాకపోతే ఎవరికవుతుంది? మీ చేతిలో తప్పు పోయిన రీడింగ్ ఉందా?”

“తప్పు పోతే అంతే సంగతి,” అంది ఆమె మామూలుగా.

మనవాడు ఆ మాట గుర్తుపెట్టుకుని ఉండాల్సింది. కానీ అతనప్పుడు ఆమె ముక్కు మీద కళ్ళజోడు చేసిన రెండు చిన్న గుంటలు చూస్తూ ఉన్నాడు. ప్రేమలో పడ్డవాడి మెదడు అలాంటి వాటికే తప్ప పనికొచ్చే వాటికి చోటివ్వదు.

చివరికి ఆఖరి లూపు రానే వచ్చింది.

అది అయిపోతే మామయ్య హోసులు చుట్టి లారీ ఎక్కించేస్తాడు. ఇంకో ఊరు, ఇంకో ప్లాంటు, ఇంకో ల్యాబ్. అక్కడ ల్యాబ్‌లో మీసాలున్నవాడు ఉంటాడు. ఆ రోజు పొద్దున్నే మనవాడు అద్దం ముందు నిలబడి, చెప్పాల్సింది మూడు రకాలుగా అప్పజెప్పుకున్నాడు. ఒక రకంలో ఇంగ్లీషు ఎక్కువైంది, ఒక రకంలో ఏడుపు ఎక్కువైంది, మూడోది ఫర్వాలేదు. ఆ మూడోదాన్నే పట్టుకుని వెళ్ళాడు.

మొదటి సీసా ఇచ్చాడు. నోరు పెగల్లేదు. రెండో సీసా ఇచ్చాడు. హెడ్‌గారు అక్కడే తచ్చాడుతున్నారు. అలా సీసా మీద సీసా మోస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక ఆమె ఫ్లాస్కు వైపు చూసి, “ఇది పోయినసారి రీడింగే,” అంది. అరగంటయ్యాక ఇంకో సీసాకి కూడా, “కదల్లేదు. ఇంకొక్కటి ఇలాగే వస్తే ఆపేయొచ్చు,” అంది.

చెప్పేటప్పుడు ఆమె మొహంలో రోజూ ఉండే హుషారు లేదు. మనవాడు గమనించాడు. పైపు మీద బెంగేమో అనుకున్నాడు.

ఆ ఇంకొక్క సీసా కోసం కిందికొచ్చాడు. యాసిడ్ పైపంతా తిరిగి మళ్ళీ ట్యాంకుకొచ్చే రిటర్న్ లైన్ వాల్వ్ అతని భుజం ఎత్తులో ఉంటుంది. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ వాల్వ్ మోకాళ్ళ దగ్గర ఉంటుంది. కరిగీ కరగని మడ్డంతా ఆ అడుగున పేరుకుని ఉంటుంది. అక్కడ శాంపిల్ పడితే ఇనుము రీడింగ్ ఆకాశానికంటుతుంది. ఈ పనిలో చేరిన మొదటి రోజే ఎవరికైనా చెప్పే మాట అది, అడుగున పట్టకు అని.

మనవాడు వంగాడు.

ఇంకో అరగంట తిరిగితే పైపుకి ఏమవుతుంది, మందు కలిపే ఉంది కదా అనుకున్నాడు. ఒక్క సీసా. ఈ ఒక్క సీసాకి చెప్పేస్తాను అనుకున్నాడు.

ఆమె ఆ సీసా అందుకుంది. చేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగింది. పరీక్ష చేసింది.

“పెరిగింది,” అంది.

“అవునా!” అన్నాడు మనవాడు. అంత చెత్త నటన ఆ ప్లాంటులో అంతకు ముందెవరూ చూసి ఉండరు. “అదేంటండీ, ఆశ్చర్యంగా ఉందే.”

“ఊఁ,” అంది ఆమె. “ఇంకొక్క శాంపిల్ తెండి.”

“తెస్తాను. ఈలోగా... మీరు ఆదివారాలు ఏం చేస్తుంటారు?”

“బట్టలు ఉతుక్కుంటాను.”

“నేనూ అంతేనండీ.”

“మంచిది.”

అయిపోయింది. ఆ సీసా వృథా. ఇంకోటి తెచ్చాడు, అదీ అడుగుదే. అప్పుడు “మీకు ఊళ్ళు తిరగడం ఇష్టమేనా?” అని అడిగాడు. “బస్సులో వాంతులవుతాయి,” అంది ఆమె. ఆ జవాబు తర్వాత ఎవరూ ప్రేమ సంగతి ఎత్తలేరు. ఆమె మళ్ళీ, “ఇంకొక్క శాంపిల్ తెండి,” అంది. మూడోది తెచ్చాడు. ఈసారి తప్పదు అని గట్టిగా ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

“నేను మీకో...”

“ఆ రీడింగ్ ఏంటమ్మా అలా పెరిగిపోతోంది?” అన్నారు హెడ్‌గారు వెనక నుంచి.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. హెడ్‌గారు మామయ్యకి ఫోన్ చేశారు. ఆగిన రీడింగ్ మళ్ళీ పెరిగిందంటే ఒకటే అర్థం, మందు పనిచేయడం మానేసింది, యాసిడ్ తుప్పుని వదిలి పైపునే తింటోంది. మామయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. పంపు ఆపించాడు. పాతికేళ్ళుగా ఒక్క పైపు పాడుచేయని మనిషి, ట్యాంకు పట్టుకుని నిలబడిపోయాడు. నిజం చెప్పేద్దామని మనవాడు ఒకడుగు ముందుకేశాడు.

“స్ట్రిప్పులు తియ్యండి,” అన్నాడు మామయ్య.

ట్యాంకులో, యాసిడ్‌లో మునిగేలా చిన్న చిన్న ఇనుప స్ట్రిప్పులు వేలాడదీస్తారు. పైపుది ఏ ఇనుమో వాటిదీ అదే ఇనుము. ముందే బరువు చూసి పెడతారు. యాసిడ్ నిజంగా పైపుని తింటుంటే వాటినీ తింటుంది, బరువు తగ్గుతుంది. వాటిని కడిగి, ఆరబెట్టి, ల్యాబ్‌కి పట్టుకెళ్ళి హెడ్‌గారే స్వయంగా త్రాసులో పెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు.

బరువు దాదాపు అలాగే ఉంది. తగ్గాల్సిన దానికన్నా కూడా తక్కువే తగ్గింది.

మామయ్య కుర్చీలో కూలబడి పెద్దగా ఊపిరి వదిలాడు. “నా మందు బాగానే ఉంది. నా పైపు బాగానే ఉంది. మరి తప్పెక్కడుంది?”

పైపు బాగుండి రీడింగ్ బాగోలేదంటే తప్పెక్కడుంటుంది? హెడ్‌గారు నెమ్మదిగా ఆ అమ్మాయి వైపు తిరిగారు.

“వరసగా మూడు రీడింగులు తప్పు చెప్పావా? లక్షణంగా నడుస్తున్న లైన్ ఆపించావు. ఈ నెలాఖర్న నీ రిపోర్టు రాయాల్సింది నేనే. ఏం రాయమంటావు?”

ఆమె మొహం పాలిపోయింది. కానీ తల దించుకోలేదు. కళ్ళజోడు సరిచేసుకుంది.

“సార్, ఆ శాంపిల్స్...”

“తప్పు నాదండీ!” అన్నాడు మనవాడు. గొంతు అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది, అచ్చం మామయ్య గొంతులా. “ఆవిడ రీడింగులు కరెక్టే. చివరి మూడు సీసాలూ రిటర్న్ లైన్‌వి కావు. ట్యాంకు అడుగున పట్టాను.”

మామయ్య కుర్చీని మేనల్లుడి వైపు జరుపుకున్నాడు.

“తెలియక పట్టావా?” అన్నాడు మామయ్య.

“తెలిసే.”

“ఎందుకురా?”

“లూపు అయిపోకూడదని.”

“లూపు అయిపోకపోతే నీకేంట్రా లాభం? ఈ దిక్కుమాలిన వేడిలో, ఈ కంపులో, అది ఎంత త్వరగా అయిపోతే అంత మంచిదని అందరం...” మామయ్య ఆగాడు. మేనల్లుడి చూపు నేల మీద ఉంది. హెడ్‌గారు దగ్గారు.

“మీవాడి ప్రేమ లూపు మీద కాదనుకుంటానండీ,” అన్నారు ఆయన.

మామయ్య మేనల్లుణ్ణి చూశాడు. ఆ అమ్మాయిని చూశాడు. కిటికీ బయట స్టూలుని చూశాడు. లేచి నిలబడ్డాడు.

“ఒరేయ్ గొట్టం. అమ్మాయితో మాట చెప్పాలంటే నోరుంది కదరా నీకు. పంపెందుకురా? ట్యాంకెందుకురా? నా గుండెందుకురా మధ్యలో?” చెయ్యెత్తి గుమ్మం చూపించాడు. “ఇప్పుడే బయటికి నడు. ఈ సైటులో నువ్వింక కనబడకూడదు.”

మనవాడు ఆమె వైపు చూశాడు. థాంక్స్ అక్కర్లేదు కానీ, ఒక్క మెత్తటి చూపయినా దొరుకుతుందనుకున్నాడు. ఆమె కళ్ళు నిప్పులు కురుస్తున్నాయి.

“మిమ్మల్నెవరు చెప్పమన్నారు?” అంది. గిర్రున తిరిగి లోపలి గదిలోకి వెళ్ళిపోయి తలుపేసుకుంది.

మామయ్య పంపు మళ్ళీ నడిపించి, తనే వెళ్ళి రిటర్న్ లైన్ దగ్గర సీసా పట్టుకొచ్చాడు. హెడ్‌గారే పరీక్ష చేశారు. రీడింగ్ కదల్లేదు. యాసిడ్ వదిలేశారు. పైపు లోపల సన్నటి పొర పట్టించారు, ఆరబెట్టారు, బిగించారు. ఇవన్నీ జరుగుతుండగా మనవాడు గేటు బయట రోడ్డు మీద ఒంటరిగా నడుస్తున్నాడు. ఆమె ఉద్యోగం నిలబడింది కదా అని తనకి తను చెప్పుకున్నాడు. అది నిజంగానే అతనికి సంతోషం. కానీ ఆమె ఇక తన మొహం చూడదు కదా అనుకుంటే ఆ సంతోషం నిలవడం లేదు. సినిమాల్లో త్యాగం చేసినవాళ్ళు హాయిగా నడిచివెళ్ళిపోతారు. ఇక్కడ గమ్‌బూట్లు కరుస్తున్నాయి.

మర్నాడు సాయంత్రం వాళ్ళు అద్దెకున్న ఇంటి వాకిట్లో మనవాడు రబ్బరు గ్లౌజులు వేసుకుని హోసులు కడిగి చుట్టచుడుతున్నాడు. మామయ్య మెట్ల మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. నిన్నటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మామయ్య చెప్పాల్సినవన్నీ బూట్లతో చెప్తున్నాడు.

గేటు బయట స్కూటరు ఆగింది. వెనక నుంచి దిగి ఆమె లోపలికొచ్చింది. తెల్లకోటు లేదు. అది లేకుండా చూడటం అతనికదే మొదటిసారి. చేతిలో ఉన్న హోసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“హీరో అయిపోదామనుకున్నారా?” అంది, వస్తూనే.

“లేదండీ, నేను...”

“నేను నోరు తెరిచానా లేదా? ‘సార్, ఆ శాంపిల్స్’ అన్నానా లేదా? మధ్యలో మీరెందుకు దూరారు?”

“మీ ఉద్యోగం పోతుందని.”

“నా ఉద్యోగం సంగతి నాకు తెలీదా? ఆ మాట పూర్తి చేయనిస్తే మీ సొమ్మేం పోయింది?” ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. “ఏం చెప్పబోయానో తెలుసా? అవి అడుగువని నాకు తెలుసని.”

మనవాడి చేతిలో హోసు జారింది.

“మొదటి సీసాకే తెలుసు. రిటర్న్ లైన్‌ది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఇది గోరువెచ్చగా ఉంది. అడుగున వేలెడు మడ్డి. అంత మడ్డి నాకు కనబడకపోతే నన్ను ల్యాబ్‌లో కాదు, మ్యూజియంలో పెట్టాలి.”

“మరి వంపేయలేదే?”

“అదే కదా!” అంది ఆమె. కోపం అంతా తన మీదే ఉన్నట్టుంది. “అక్షరం తప్పు పోతే సింకులో పోసేదాన్ని. అలాంటిది తప్పు శాంపిల్ అని తెలిసి తెలిసి పరీక్ష చేశాను. రీడింగ్ చెప్పాను. ఇంకోటి తెమ్మన్నాను. ఒక్కసారి కాదు.”

“ఎందుకు?”

“మీరెందుకు వంగారో అందుకే.”

మామయ్య చేతిలో బూటు కదలడం మానేసింది. ఆయన చాలా సేపటి నుంచి ఒకే బూటు తుడుస్తున్నాడు.

“ఇవాళ పొద్దున్న హెడ్‌గారికి ఇదంతా చెప్పేశాను,” అంది ఆమె నెమ్మదిగా. “నా కన్ఫర్మేషన్ ఆర్నెల్లు వాయిదా వేశారు.”

“అయ్యో! ఎందుకు చెప్పారండీ? నేను ఒప్పేసుకున్నాను కదా, అంతా సర్దుకుంది కదా...”

“అందులో సగం తప్పు నాది. మొత్తం మీరొక్కరే ఎత్తుకుపోతే ఎలా? నా సగం నాకు కావాలి.”

మనవాడు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఇంత తలతిక్క మనిషిని, ఇంత మంచి మనిషిని అతనింతవరకూ చూడలేదు. ఏదో అనాలి. ఇప్పుడే అనాలి. అద్దం ముందు అప్పజెప్పుకున్న మూడు రకాలూ మాయమైపోయాయి.

“అయిందా?” అని కేక వినబడింది గేటు దగ్గర నుంచి. స్కూటరు మీద, హెల్మెట్ తీయకుండా, నర్సు బట్టల్లో ఒకావిడ కూర్చుని ఉంది.

“మా అమ్మ,” అంది ఆమె. “మిమ్మల్ని చూడాలంది. ఒక్క మాట చెప్పడానికి పంపే ఆపించిన అబ్బాయి ఎలా ఉంటాడో చూస్తానంది.”

“చెప్పాడా?” అంది వాళ్ళమ్మ.

“లేదమ్మా.”

“ఇంకా లేదా!” అన్నారు వాళ్ళమ్మా మామయ్యా ఒకేసారి.

వాళ్ళమ్మ హెల్మెట్ అద్దం పైకెత్తి అతన్ని ఎగాదిగా చూసింది. “నోరు తెరవమంటే తెరవనివాళ్ళని రోజూ చూస్తాను బాబూ. భయం వేస్తుంది, తెలుసు. ఒక్క నిమిషం నొప్పి, అంతే. తెరువు.”

మనవాడు నోరు తెరిచాడు.

“మీరంటే నాకిష్టం,” అన్నాడు. “చాలా ఇష్టం. ఆ మెట్లు ఎక్కేటప్పుడు నాకసలు ఆయాసం వచ్చేది కాదు, అబద్ధం రాశాను. కిటికీ మూసుకున్నప్పుడు మాత్రం వచ్చేది. నేను ఊళ్ళు తిరిగే మనిషిని, మీకేమో బస్సు పడదు. ఎలాగో నాకు తెలీదు. కానీ మీ ఆర్నెల్లు అయ్యేదాకా ఆదివారం ఆదివారం నేనే వస్తాను. ఆ తర్వాత, మీకిష్టమైతే, పెళ్ళి చేసుకుందాం. మీకిష్టమైతేనే.”

కుళాయి కింద బకెట్ నిండి పొర్లిపోతోంది, ఎవరూ కట్టలేదు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

“ఇంత మాట లోపల పెట్టుకుని, ఆదివారాలు ఏం చేస్తుంటారని అడిగావా నన్ను?” అంది. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిన సంగతి ఆమెకి కూడా తెలిసినట్టు లేదు.

“ఇష్టమేనా?” అన్నాడు మనవాడు.

“ఇష్టం లేకపోతే ఆ మడ్డిని మూడుసార్లు టైట్రేషన్ చేస్తానా?”

మామయ్య బూటు పక్కన పెట్టి లేచి, గోడ వైపు తిరిగి గట్టిగా ముక్కు చీదాడు. “అక్కకి నేను ఫోన్ చేస్తాలేరా గొట్టం,” అన్నాడు. “నువ్వు చేస్తే విషయానికి వచ్చేసరికి ఏడాది పడుతుంది.”

“సరే, వినబడింది,” అంది వాళ్ళమ్మ స్కూటరు స్టార్ట్ చేస్తూ. “పళ్ళు కూడా బాగానే ఉన్నాయి. ఎక్కవే, పోదాం.”

ఆమె కదల్లేదు.

“నువ్వెళ్ళమ్మా,” అంది. “మేం నడిచొస్తాం.”

మనవాడి చేతులకి ఇంకా రబ్బరు గ్లౌజులు ఉన్నాయి. ఆమె వైపున్న చేతి గ్లౌజు తీసి, అక్కడే హోసుల మీద పడేశాడు.